ఉప్పునీళ్ల ఊళ్లో మొక్కల తొట్టి: ఏ చేపలను పెంచాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము అనంతపురంలో ఉంటున్నాము. కొత్త ఇంటి హాల్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుగల అక్వేరియం కట్టించుకున్నాము. మూడు నెలలుగా అందులో వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరైన్, జావా ఫెర్న్ పెంచుతున్నాను. మొక్కలు బాగా పట్టుకున్నాయి కాని, చేపలను ఇంకా వేయలేదు. నీళ్లు మా బోరువే. టీడీఎస్ మీటరు 850 చూపిస్తోంది, పీహెచ్ 8 దగ్గర ఉంది. ఏంజెల్, నియాన్ టెట్రా, టైగర్ బార్బ్, షార్క్, ప్యారెట్, సక్కర్ చేపలను తలా రెండు జతలు వేసుకుంటే తొట్టి కళకళలాడుతుందని దుకాణంలో చెప్పారు. మా అబ్బాయికి డిస్కస్ కావాలని కోరిక. ఏవి వేయాలి? ఎన్ని వేయాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మూడు నెలలపాటు ఖాళీ తొట్టిని చూస్తూ, మొక్కలు వేళ్లూనుకునేదాకా మీరు ఓపిక పట్టారు. సగం పని అక్కడే అయిపోయింది. ఇక చేపల సంగతి. దుకాణంలో కంటికి నచ్చిన చేపలను ముందు తెచ్చుకొని, ఆ తరువాత వాటికి సరిపడే నీళ్ల కోసం తంటాలు పడడం మన జిల్లాల్లో మామూలైపోయింది. మీరు దీన్ని తిరగేయండి. మీ బోరు నీళ్లు ఎలాంటివో, మే నెలలో మీ హాల్లో ఆ నీళ్లు ఎంత వేడెక్కుతాయో ముందు తెలుసుకొని, ఆ రెండింటినీ సుఖంగా ఓర్చుకునే జాతులనే ఎంచుకోండి. అలా చూస్తే మీకు మిగిలే జాబితా చిన్నదే అవుతుంది గాని, అందులో అందానికి ఏ లోటూ ఉండదు.

మొదట నీళ్లు. టీడీఎస్ మీటరు లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చెబుతుంది తప్ప అవి ఏ లవణాలో చెప్పదు. మీ 850లో ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం లవణాలైతే అవి గట్టి నీళ్లు. సోడియం, క్లోరైడ్ ఎక్కువగా ఉంటే అవి అచ్చమైన ఉప్పునీళ్లు. రెండింటికీ మీటరు ఒకే అంకె చూపించవచ్చు. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం, సబ్బు నురగ రాకపోవడం, కందిపప్పు ఎంతసేపటికీ ఉడకకపోవడం గట్టి నీళ్ల లక్షణాలని మన ఇళ్లలో అందరికీ తెలుసు. అయినా ఆ అంచనాతో సరిపెట్టుకోకుండా, జీహెచ్ (నీటి మొత్తం గట్టిదనం), కేహెచ్ (పీహెచ్‌ను మారకుండా నిలిపి ఉంచే కార్బొనేట్ల పాలు) చూసే చుక్కల మందు కిట్ ఒకటి కొనండి. జీహెచ్‌లో ఒక డిగ్రీ అంటే లీటరు నీటిలో 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానమైన గట్టిదనం. మీ నీళ్లు 15 డిగ్రీలు దాటితే మెత్తని నీటి చేపల మీద ఆశ వదులుకోవడమే మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇంటి మొత్తానికి బిగించే వాటర్ సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీళ్లను తొట్టిలో పోయకండి. ఆ యంత్రం కాల్షియం, మెగ్నీషియంలను తీసేసి వాటి స్థానంలో సోడియంను వదులుతుంది. గిన్నెల మీద తెల్లపొర పోతుంది, కాని నీటిలోని మొత్తం లవణాలు తగ్గవు. పైగా మొక్కలకూ చేపలకూ కావలసిన కాల్షియం పోయి, అక్కరలేని సోడియం పెరుగుతుంది. నీళ్లను నిజంగా తేలికపరచాలంటే ఆర్‌ఓ నీళ్లు గాని, శుభ్రమైన వాన నీళ్లు గాని కలపడమే మార్గం. లెక్క సులభం: 850 ఉన్న బోరు నీళ్లు, 50 ఉన్న ఆర్‌ఓ నీళ్లు సమానంగా కలిపితే 450 వస్తుంది. మీ తొట్టి కొలతల ప్రకారం 680 లీటర్లు పట్టాలి కాని, అడుగున ఇసుక, పైన వదిలే ఖాళీ, లోపలి దుంగలు పోగా నికరంగా 560 లీటర్ల దాకా ఉంటుంది. వారానికి నాలుగోవంతు మారిస్తే 140 లీటర్లు, అందులో 70 లీటర్లు ఆర్‌ఓ. ఇంట్లో వాడే ఆర్‌ఓ యంత్రం ఈ మాత్రం భారం మోయగలదు. అది వదిలే నీళ్లను ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు.

పీహెచ్ తగ్గించే మందుల సీసాల జోలికి మాత్రం వెళ్లవద్దు. కేహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో ఆ మందు వేసిన పూట పీహెచ్ దిగి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. నిలకడగా ఉన్న 8 చేపకు ఇబ్బంది కాదు. ఈ రోజు 7, రేపు 8 అయితేనే చేప నలిగిపోతుంది.

ఇక దుకాణంవారు చెప్పిన చేపలు. ఇవన్నీ ఒకే తొట్టిలో ఉండదగినవి కావు; వీటిలో కొన్ని మీ తొట్టిలో అసలే ఉండదగినవి కావు. షార్క్ పేరుతో అమ్మే వెండి రంగు పిల్ల చేప చాలా చోట్ల పంగస్ పిల్లే. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో పెంచి, కూరకు అమ్మే చేప అదే. అది మూడడుగులకు మించి పెరిగే జాతి. పెద్ద గుంపుతో, పెద్ద నీటిలో బతకవలసినది. ఆరడుగుల తొట్టిలో ఉలిక్కిపడినప్పుడల్లా అద్దానికి ముక్కు బాదుకొని గాయపడుతుంది. రూప్‌చంద్ పిల్లలను కూడా ఎర్ర పొట్ట పిరానా అని చెప్పి అమ్ముతుంటారు. అవి మీ వాలిస్నేరియాను నాలుగు రోజుల్లో మొదళ్ల దాకా మేసేస్తాయి. ప్యారెట్ చేప మనుషులు కృత్రిమంగా పుట్టించిన సంకర జాతి. ఇసుక తవ్వడం దాని స్వభావం కాబట్టి, నాటిన మొక్కలు తెల్లారేసరికి పైకి తేలుతాయి. టైగర్ బార్బ్ చెడ్డ చేప కాదు కాని, పొడవాటి రెక్కలు ఎక్కడ కనిపించినా కొరకకుండా ఉండలేదు. ఏంజెల్‌తో దాన్ని కలపడం ఆ ఏంజెల్‌కు అన్యాయం చేయడమే. ఆ ఏంజెల్ పెద్దదయ్యాక నియాన్ టెట్రాలను ఒక్కొక్కటిగా మింగుతుంది. నియాన్‌కు మీ నీళ్ల గట్టిదనం కూడా పడదు, మీ ఎండాకాలం అంతకంటే పడదు.

సక్కర్ చేప గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాచు తింటుందన్న నమ్మకంతో దీన్ని తేని ఇల్లు అరుదు. దుకాణంలో రెండంగుళాలు ఉన్న ఈ చేప రెండు మూడేళ్లలో అడుగు దాటుతుంది. పిల్లగా ఉన్నప్పుడు నాచు గీకుతుంది. పెరిగిన తరువాత మేత రుచి మరిగి, రాత్రిపూట అమెజాన్ స్వోర్డ్ ఆకులను గీకి జల్లెడ చేస్తుంది. పెద్దదైపోయిందని విసుగెత్తినవారు దాన్ని చెరువులోనో కాలువలోనో వదులుతున్నారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ జాతి ఇప్పటికే మన దేశపు నదుల్లో, చేపల చెరువుల్లో పాతుకుపోయి వలలను చింపుతూ, స్థానిక చేపల మేతను, గుడ్లను తినేస్తోంది. దయచేసి కొనకండి, ఇప్పటికే ఉంటే నీళ్లలో వదలకండి, తిరిగి దుకాణానికే ఇవ్వండి.

మీ నీటికి తగిన చేపలలో నేను మొదట చెప్పేది రెయిన్‌బో చేపలు. వీటిలో బోసెమాని రెయిన్‌బో పశ్చిమ పపువాలోని అయమారు సరస్సుల ప్రాంతానిది. అక్కడి నీళ్లు సున్నపురాతి నేలల మీద నిలిచినవి కావడంతో గట్టివి, పీహెచ్ కూడా ఎక్కువే. అంటే, మీ బోరు నీళ్లను లోపంగా భావించని చేప ఇది. నాలుగంగుళాల దాకా పెరుగుతుంది, గుంపుగా తిరుగుతుంది, మొక్కలను ముట్టుకోదు. దుకాణంలో పిల్లలుగా ఉన్నప్పుడు బూడిద రంగులో, ఏ ఆకర్షణా లేకుండా కనిపిస్తాయి కాబట్టి చాలామంది వీటిని దాటి వెళ్లిపోతారు. ఒక ఏడాది ఓపిక పట్టండి. పెరిగిన మగ చేపకు ముందు సగం నీలిబూడిద, వెనుక సగం నారింజ రంగు వస్తుంది. తెల్లవారి మొదటి వెలుతురు తొట్టి మీద పడే వేళ ఒక కుర్చీ వేసుకొని కూర్చోండి: రెండు మగ చేపలు పక్కపక్కన నిలిచి రెక్కలన్నీ విప్పుతాయి, నుదుటి మీద ఒక తెల్లని చార వెలిగి ఆరుతూ ఉంటుంది, ఆడ చేప తప్పుకొని వెళ్లగానే ఆ చార మాసిపోతుంది. పది చేపలు తీసుకోండి, వాటిలో నాలుగు మగవి, ఆరు ఆడవి ఉండాలి. ఇవి బాగా ఎగురుతాయి కాబట్టి తొట్టికి మూత తప్పనిసరి.

రెండవది పెర్ల్ గౌరామి. ఒళ్లంతా ముత్యాలు చల్లినట్టుండే ఈ చేప మీ ఎండాకాలానికి మంచి జవాబు. గౌరామి జాతులకు తలలో ప్రత్యేకమైన శ్వాసాంగం ఉంటుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు అవి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు. రెండు మగవి, మూడు ఆడవి చాలు. ఇవి నెమ్మదస్తులు, రెయిన్‌బోలు మేత మీద పడిపోయే రకం. అందువల్ల మేత రెండు చివర్లా వేయండి, ఒక చివర నీటి మీద తేలే మొక్కలను కొంచెం దట్టంగా పెరగనివ్వండి. గౌరామిలు ఆ నీడన చేరతాయి. మగ చేప గొంతు కింద ఎర్రదనం ముదిరిందంటే నురగ గూడు కడుతున్నదని అర్థం. ఆ మూలన చేయి పెట్టకండి.

మూడవది స్వోర్డ్‌టెయిల్. గట్టి నీళ్లలో ప్రతి తరమూ ఆరోగ్యంగా పుట్టే చేప ఇది. మెత్తని నీళ్లున్న ఊళ్లవారికి కుదరని సౌఖ్యం మీకు ఊరికే దొరుకుతోంది. మోలీలు, ప్లాటీలు కూడా ఇదే కోవలోనివి. అన్నీ కలిపేయకుండా ఒక్క జాతినే, ఒకే రంగుది తీసుకోండి: నాలుగు మగవి, ఎనిమిది ఆడవి. పుట్టిన పిల్లల్లో చాలా వాటిని రెయిన్‌బోలు తినేస్తాయి, మిగిలినవి వాలిస్నేరియా మధ్యన పెరుగుతాయి.

నాచు సంగతి చూసుకోవడానికి నాలుగైదు సయామీస్ ఆల్గీ ఈటర్లు, రెండు బ్రిసిల్‌నోస్ చేపలు తెచ్చుకోండి. బ్రిసిల్‌నోస్ సక్కర్‌కు దూరపు బంధువే కాని, అయిదంగుళాల దగ్గర ఆగిపోతుంది. సయామీస్ ఆల్గీ ఈటర్ కొనేటప్పుడు జాగ్రత్త: నిజమైనదానికి ఒంటి మీది నల్లచార తోక రెక్క చివరి దాకా సాగుతుంది. నోరు గుండ్రంగా అద్దానికి అతుక్కుంటూ, బంగారు రంగులో ఉండి, అదే పేరుతో అమ్ముడయ్యే చేప చైనీస్ ఆల్గీ ఈటర్. పెద్దదయ్యాక అది నాచు మానేసి ఇతర చేపల ఒంటి మీద జిగురును గీకడం మొదలుపెడుతుంది. అడుగున తిరగడానికి, మీరు నీళ్లను 450 దాకా దించగలిగితేనే, పది బ్రాంజ్ కోరిడోరాస్ వేయవచ్చు. అడుగున కంకర కాకుండా మెత్తని ఇసుక ఉండాలి, లేకపోతే వాటి మీసాలు అరిగిపోతాయి.

ఇంతే. నలభై పైచిలుకు చేపలు, అయిదారు జాతులు. ఆరడుగుల తొట్టికి ఇది తక్కువని మీకు అనిపించవచ్చు, చుట్టాలు కూడా అంటారు. పెరిగిన తరువాత ఎలా ఉంటుందో చూసి ఎంచుకున్న సంఖ్య ఇది. పది జాతులు తలా రెండు జతలుగా వేస్తే, ప్రతి చేపా తన గుంపు దొరకక మొక్కల చాటున నక్కి ఉంటుంది. అదే పది రెయిన్‌బోలు కలిసి వాలిస్నేరియా ముందు నుంచి మలుపు తిరిగితే హాలంతా అటే చూస్తుంది.

డిస్కస్ అందమైన చేపే, మీ అబ్బాయి అభిరుచిని తప్పు పట్టను. దానికి 28 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి, అది మనకు కష్టం కాదు. కష్టమంతా నీళ్లతోనే: మెత్తని నీళ్లు, తరచుగా నీళ్ల మార్పిడి, రోజుకు నాలుగైదుసార్లు మాంసాహారపు మేత. రెయిన్‌బోల హడావుడిలో అది మేతకు ముందుకు రాదు. దానికి వేరే తొట్టి, పూర్తిగా ఆర్‌ఓ నీళ్లు ఏర్పాటు చేయగలిగిన రోజున ఆలోచించండి.

చేపలన్నీ ఒకే రోజు వేయకండి. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా మీ తొట్టిలో కొంత పెరిగే ఉంటుంది గాని, నలభై చేపల భారానికి ఇంకా సిద్ధంగా ఉండదు. గట్టి నీళ్లవారు ఈ విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. ఒకే మోతాదు అమ్మోనియాలో చేపకు విషమయ్యే భాగం పీహెచ్ 7 వద్ద కంటే 8 వద్ద దాదాపు పది రెట్లు ఎక్కువ. ముందు స్వోర్డ్‌టెయిళ్లను వేసి రెండు వారాలు ఆగండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే రెయిన్‌బోలను, మరో రెండు వారాల తరువాత అడుగు చేపలను, అన్నింటికంటే చివర గౌరామిలను వేయండి.

మన దుకాణాలకు చేపలు చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచి, బెంగళూరు నుంచి సంచుల్లో రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి. అటువంటి సంచిలో చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది, పేరుకున్న అమ్మోనియా ఆ కారణంగానే ప్రమాదం లేకుండా ఉంటుంది. సంచి విప్పి, మీ పీహెచ్ 8 నీళ్లను చుక్కచుక్కగా గంటలకొద్దీ కలిపితే ఆ అమ్మోనియా విషంగా మారే నీటిలోనే చేపను కూర్చోబెట్టినట్టవుతుంది. కాబట్టి నేరుగా వచ్చిన సంచి అయితే వేడి సమం కావడానికి పదిహేను నిమిషాలు తేల్చి, చేపలను వలతో ఎత్తి వేరే చిన్న తొట్టిలో వదలండి. సంచి నీళ్లు పారబోయండి. దుకాణంలో వారం పది రోజులు ఉండి, అక్కడి నీళ్లకు అలవాటుపడిన చేపలకైతే ముప్పావుగంట పాటు కొద్దికొద్దిగా నీళ్లు కలుపుకుంటూ పోవచ్చు. రెండు సందర్భాల్లోనూ ఆ చిన్న తొట్టిలో మూడు వారాలు విడిగా ఉంచి, తెల్లమచ్చల వ్యాధి లేదని తేలాకే పెద్ద తొట్టిలోకి మార్చండి. మొక్కలున్న పెద్ద తొట్టిలో వ్యాధి వచ్చాక మందు వేయడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికి తెలుసు.

ప్రశ్న: కర్నూలులో మాకు మున్సిపాలిటీ నీళ్లు వస్తాయి. అయిదడుగుల మొక్కల తొట్టి ఉంది. ఏంజెల్ చేపలే ప్రధానంగా ఉండాలని నా కోరిక. వాటితో ఏ టెట్రాలు కలపవచ్చు? వానాకాలంలో నీళ్లు మార్చిన మరునాడు చేపలు పైకి వచ్చి రొప్పుతున్నాయి, ఎందువల్ల?
– ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: తుంగభద్ర నీళ్లు మీకు దొరకడం అదృష్టం. బోరు నీళ్లతో పోలిస్తే లవణాలు బాగా తక్కువ కాబట్టి, పై జవాబులో అనంతపురం పాఠకురాలికి వద్దన్న చేపల్లో కొన్నింటిని మీరు నిశ్చింతగా పెంచుకోవచ్చు. ఏంజెల్ వాటిలో ఒకటి. ఆరు పిల్లలను ఒకేసారి తెచ్చి కలిపి పెంచండి. ఏడాది తిరిగేసరికి వాటిలో ఒకటి రెండు జతలు కుదిరి, తొట్టిలో ఒక్కో మూలను ఆక్రమించుకొని మిగిలినవాటిని తరుముతాయి. అప్పుడు ఒక జతను ఉంచుకొని మిగిలినవి ఇచ్చేయడానికి ఇప్పుడే సిద్ధపడండి.

టెట్రాల్లో రమ్మీనోస్ మీకు సరిగ్గా సరిపోతుంది. రెండంగుళాల దాకా పెరుగుతుంది, ఏంజెల్ పిల్లలతో పాటే పెరిగితే మేతగా మారదు, 29 డిగ్రీల దాకా వేడిని ఓర్చుకుంటుంది. ఇరవై అయిదు చేపలను ఒకే గుంపుగా వేయండి. అన్నీ ఒకే దిక్కుకు, ఒకే వేగంతో కదిలే తీరు మరే టెట్రాలోనూ ఇంత స్పష్టంగా కనిపించదు. దీని ముఖం మీది ఎరుపు తొట్టి ఆరోగ్యాన్ని తెలిపే గుర్తు కూడా: నీళ్లు బాగున్నంతకాలం ఎరుపు చిక్కగా ఉంటుంది; అమ్మోనియా పెరిగినా, క్లోరిన్ తగిలినా, గంటల్లోనే ముఖం పాలిపోతుంది. ఉదయం మేత వేసేటప్పుడు ముందు ఆ ముఖాలను చూడండి. మరో గుంపు కావాలనుకుంటే లెమన్ టెట్రా గాని, కాంగో టెట్రా గాని తీసుకోండి. బ్లాక్ విడో, సెర్పే టెట్రాలు ఏంజెల్ రెక్కలను కొరుకుతాయి కనుక వద్దు. అడుగున స్టెర్బా కోరిడోరాస్ ఎనిమిది వేయవచ్చు; కోరిడోరాస్‌లలో వేడిని బాగా తట్టుకునే రకం అదే. పాండా కోరిడోరాస్ చల్లని నీటి చేప, కర్నూలు ఎండకు అది తాళలేదు.

వానాకాలంలో రొప్పడానికి చాలావరకు కారణం క్లోరిన్. నదికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు నీటి శుద్ధి కేంద్రాల్లో క్లోరిన్ మోతాదు పెంచవలసి వస్తుంది. వేసవిలో సరిపోయిన జాగ్రత్త ఆ నెలల్లో చాలదు. యాంటీ క్లోరిన్ చుక్కలను సీసా మీద రాసిన కనీస మోతాదులో గాక, మీరు మార్చే నీటి మొత్తానికి లెక్కగట్టి, తొట్టిలో పోయకముందే డ్రమ్ములో కలిపి, గాలి మోటారు పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఆ కాలంలో ఒకేసారి మూడోవంతు మార్చకుండా, పది శాతం చొప్పున వారానికి రెండుసార్లు మార్చడం మేలు. నీళ్లు మడ్డిగా ఉన్న వారం అసలు మార్చకపోయినా, మొక్కలు దట్టంగా ఉన్న తొట్టికి వచ్చిన నష్టం లేదు.

ప్రశ్న: కడపలో ప్రతి మే నెలలో మా తొట్టిలోని చేపలు చనిపోతున్నాయి. ఎక్కువగా తెల్లవారుజామున చనిపోతున్నాయి. మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా పెట్టాము. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనక తప్పదా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: తెల్లవారుజామున అన్న మీ మాటలోనే కారణం ఉంది. వెలుతురు ఉన్నంతసేపు మొక్కలు ప్రాణవాయువును ఇస్తాయి, చీకటి పడ్డాక చేపలతో పాటు అవీ దాన్ని వాడుకుంటాయి. రాత్రంతా తరుగుతూ వచ్చిన ప్రాణవాయువు సూర్యోదయానికి ముందు అతి తక్కువ స్థాయికి చేరుతుంది. 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 33 డిగ్రీల నీరు 7.2కు మించి పట్టలేదు. ఆ వేడిలో చేపకు అవసరమేమో పెరుగుతుంది. దానికి తోడు రాత్రి కూడా సిలిండర్ తెరిచి ఉంటే ఇక చెప్పేదేముంది! దీపాలు ఆరడానికి గంట ముందే సిలిండర్ ఆగేలా సోలెనాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకొని మూసుకునే కవాటం), టైమరు పెట్టండి; మే నెలంతా పూర్తిగా ఆపేసినా వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్ వంటివి తట్టుకుంటాయి. రాత్రిపూట గాలి మోటారు తప్పకుండా నడవాలి, ఫిల్టర్ నుంచి వచ్చే నీళ్లు ఉపరితలాన్ని కదిలించేలా గొట్టం తిప్పాలి.

చిల్లర్ అవసరం లేదు. మన ఎండ పొడి ఎండ. కోస్తా ఉక్కపోతలో పనిచేయని ఉపాయం ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మూత తీసి, సన్నని వల పరచి, ఒక చిన్న ఫ్యాను గాలి నీటి ఉపరితలం మీదుగా ఏటవాలుగా వెళ్లేలా పెడితే, నీరు ఆవిరవుతూ మూడు డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఇలా ఆవిరైపోయేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. తగ్గిన నీటిని రోజూ బోరు నీళ్లతో నింపుతూ పోతే నెల తిరిగేసరికి లవణాలు విపరీతంగా పెరిగిపోతాయి. తగ్గినంత మేరకు ఆర్‌ఓ నీళ్లే పోయండి. దీపాలను మధ్యాహ్నం కాకుండా సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా వెలిగించండి. మేత సగానికి తగ్గించండి. మంచుగడ్డలు వేయకండి. కాసేపటికే కరిగిపోయి వేడి మళ్లీ ఎక్కుతుంది, ఆ ఒడుదొడుకులకు చేప ఒంటి మీది జిగురు దెబ్బతిని రోగాలు అంటుకుంటాయి.

కరెంటు పోయినప్పుడు బ్యాటరీ గాలి మోటారు దానంతటదే మొదలయ్యే రకం కొనండి. తొట్టి బయట ఉండే డబ్బా లాంటి కానిస్టర్ ఫిల్టర్ మూడు నాలుగు గంటలకు మించి ఆగిపోతే లోపలి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే దాన్ని అలాగే నడపకుండా, లోపలి నీళ్లు పారబోసి, స్పాంజీలను తొట్టి నీళ్లతోనే జాడించి, ఆ తరువాత ఆన్ చేయండి.

ప్రశ్న: కేసీ (కర్నూలు–కడప) కాలువలో దొరికే పరిగెలను మొక్కల తొట్టిలో పెంచవచ్చా? డెనిసన్ బార్బ్ కూడా మన దక్షిణాది చేపే కదా, అది ఎందుకు ఎవరూ సూచించరు?
– ఒక విద్యార్థి, కడప జిల్లా

జవాబు: పెంచవచ్చు. తోక మొదట్లో నల్లచుక్క ఉండే టిక్టో బార్బ్ నాలుగంగుళాలు దాటదు, మన నీళ్లకూ ఎండకూ పుట్టుకతోనే అలవాటుపడినది. పది చేపల గుంపు ఉంటే దాని రంగు బయటపడుతుంది. అయితే వలలో పడిన ప్రతి చిన్న చేపా పరిగె కాదు. వాటిలో కట్ల, రోహు పిల్లలు, కొర్రమీను పిల్లలు కలిసి ఉంటాయి. కొర్రమీను పిల్ల ఒక్కటి పొరపాటున తొట్టిలో చేరినా, కొన్నాళ్లకు మిగిలిన చేపల లెక్క మీకే అర్థమవుతుంది. కాలువ చేపల ఒంటి మీద చేప పేను, సూదిపురుగు ఉండడం సహజం కాబట్టి, వాటిని నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచి, రెక్కల మొదళ్లను భూతద్దంతో పరీక్షించండి. ఇలా ఒకసారి తొట్టిలో చేరిన చేపను, ఏ చేపనైనా సరే, మళ్లీ కాలువలో వదలవద్దు.

డెనిసన్ బార్బ్ కేరళ, కర్ణాటక పడమటి కనుమల ఏరుల్లోని చేప. వేగంగా పారే చల్లని నీళ్లు దానికి అలవాటు. కడప మే నెలలో 32 డిగ్రీల నీటిలో దాన్ని ఉంచడం హింస. అక్వేరియంల కోసం ఏరుల నుంచి విపరీతంగా పట్టడం వల్ల దాని సంఖ్య పడిపోయి, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ (ఐయూసీఎన్) ప్రకటించే, అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలోకి చేరింది. దానిలా ఒంటి మీద చారలున్న చేప కోరుకునేవారికి జీబ్రా డానియో ఉంది. అది మన దేశపు చేపే, అన్ని దుకాణాల్లోనూ పెంపకపు పిల్లలే దొరుకుతాయి, పన్నెండు వేస్తే పై నీళ్లన్నీ వాటివే. ఫ్యాను పెట్టి ఎండాకాలంలో నీళ్లను 30 డిగ్రీలు దాటకుండా చూసుకోండి, మేత సన్నగా నలిపి వేయండి.